రొమ్ము క్యాన్సర్ మాత్ర వేసుకుంటున్నారా? ఎముకలనూ ఓ కంట కనిపెట్టండి

శస్త్రచికిత్స అయింది. కీమోథెరపీ పూర్తయింది. రేడియేషన్ కోసం వారాల తరబడి నగరంలో అద్దె గదిలో ఉండి ఇంటికి చేరారు. రాలిన జుట్టు మళ్లీ మొలుస్తోంది. చివరగా వైద్యుడు ఒక చిన్న మాత్ర రాసి, ‘రోజుకొకటి, అయిదేళ్లు’ అని చెప్పి పంపుతారు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. రొమ్ము క్యాన్సర్ బారిన పడిన ఎంతోమంది మహిళల విషయంలో కథ ఇక్కడితో సుఖాంతమైనట్లే కనిపిస్తుంది. అయితే క్యాన్సర్ తిరగబెట్టకుండా కాపాడే ఆ మాత్రే లోలోపల ఎముకలను పలచబరుస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు. మందుల చీటీలో మాత్ర పేరు ఉంటుంది గానీ ఎముకల ఊసు ఉండదు.

దీనివల్ల రెండు రకాల నష్టం జరుగుతోంది. కొందరు ఏ జాగ్రత్తా లేకుండా ఏళ్ల తరబడి మాత్ర మింగి, ఒకనాడు స్నానాల గదిలో కాలుజారి తుంటి విరగ్గొట్టుకుంటున్నారు. మరికొందరు ‘ఈ మాత్ర ఎముకలను తినేస్తుందట’ అన్న ఇరుగుపొరుగు మాటలు విని మధ్యలోనే మానేస్తున్నారు. రెండోది మొదటిదానికన్నా ప్రమాదకరం. హార్మోన్ మాత్రలను ముందుగా ఆపేసినవారిలో క్యాన్సర్ తిరగబెట్టే ముప్పు, మరణించే ముప్పు కూడా పెరుగుతున్నట్లు ఎన్నో అధ్యయనాలు తేల్చాయి. నిజానికి ఈ రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోవలసిన అగత్యం లేదు. మాత్ర మానకుండానే ఎముకను నిలబెట్టుకునే మార్గాలు ఉన్నాయి. అవి మరీ ఖరీదైనవి కూడా కావు. సమయానికి ఎవరో ఒకరు చెప్పాలి, అంతే.

మేస్త్రీ లేని చెరువుగట్టు

ఎముక చూడటానికి రాయిలా ఉన్నా అది సజీవమైనది. పాత ఎముకను కరిగించే కణాలు, కొత్త ఎముకను పోసే కణాలు అందులో నిత్యం పనిచేస్తూ ఉంటాయి. పాత మట్టిని తవ్వే కూలీలు, కొత్త మట్టి పోసే కూలీలు పక్కపక్కనే పనిచేసే చెరువుగట్టు వంటిది మన అస్థిపంజరం. స్త్రీలలో ఉండే ఈస్ట్రోజెన్ హార్మోన్ ఈ తవ్వేవారిని అదుపులో ఉంచే మేస్త్రీ. ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ తగ్గుతుంది. తవ్వకం ఎక్కువై, పూడిక తక్కువవుతుంది. వయసు పైబడిన స్త్రీలలో ఎముకలు గుల్లబారటానికి ప్రధాన కారణం ఇదే.

రొమ్ము క్యాన్సర్లలో పెద్ద భాగం ఇదే ఈస్ట్రోజెన్‌ను ఆసరా చేసుకుని పెరుగుతాయి. ముక్క పరీక్షలో ‘ఈఆర్ పాజిటివ్’ అని రాసి ఉంటే అర్థం అదే. అటువంటి క్యాన్సర్‌కు ఈస్ట్రోజెన్ అందకుండా చేయటమే హార్మోన్ చికిత్స. ముట్లుడిగిన తరువాత అండాశయాలు హార్మోన్‌ను తయారు చేయకపోయినా, ఒంట్లోని కొవ్వు తదితర కణజాలాలలో అరోమాటేజ్ అనే ఎంజైమ్ కొద్దికొద్దిగా ఈస్ట్రోజెన్‌ను పుట్టిస్తూనే ఉంటుంది. లెట్రోజోల్, అనస్ట్రోజోల్, ఎక్సెమెస్టేన్ అనే మూడు మందులు ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. అంటే మిగిలిన కాస్త ఈస్ట్రోజెన్ కూడా దాదాపుగా లేకుండా పోతుంది. క్యాన్సర్ కణం ఆకలితో మాడుతుంది. అదే సమయంలో చెరువుగట్టుకు మేస్త్రీ ఉండడు.

ముట్లుడిగిన స్త్రీలలో అనస్ట్రోజోల్‌ను పాతకాలపు టామాక్సిఫెన్‌తో పోల్చి చూసిన ‘అటాక్’ అనే అంతర్జాతీయ పరిశోధనలో 9 వేల మందికి పైగా పాల్గొన్నారు. 2005లో వెల్లడించిన ఫలితాల ప్రకారం క్యాన్సర్‌ను అడ్డుకోవటంలో అనస్ట్రోజోల్‌దే పైచేయి అయింది. కానీ ఎముకలు విరిగినవారు టామాక్సిఫెన్ వాడిన వర్గంలో 7.7 శాతం ఉంటే, అనస్ట్రోజోల్ వాడిన వర్గంలో 11 శాతం ఉన్నారు. అయిదేళ్లు అనస్ట్రోజోల్ వాడినవారిలో వెన్నెముక సాంద్రత సుమారు 6 శాతం, తుంటి భాగంలో సుమారు 7 శాతం తగ్గినట్లు 2008లో ప్రకటించిన అనుబంధ అధ్యయనం తెలిపింది.

టామాక్సిఫెన్ తీరు వేరు. ముట్లుడిగినవారిలో అది ఎముకకు కొంత మేలే చేస్తుంది. నెలసరి ఇంకా వస్తున్న యువతులలో మాత్రం కాస్త నష్టం కలిగిస్తుంది. అందరి మాత్రా ఒకటి కాదు కాబట్టి, పక్కింటావిడకు చెప్పిన జాగ్రత్త తమకూ వర్తిస్తుందని అనుకోరాదు. తాము వాడుతున్న మాత్ర పేరు ప్రతి మహిళా తెలుసుకుని ఉండాలి.

నలభై లోపు వారికి మరింత గండం

చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్ వచ్చిన వారికి ఎముకల గొడవ ఉండదనుకుంటారు. వాస్తవం అందుకు భిన్నం. కీమోథెరపీ మందుల ప్రభావానికి అండాశయాలు దెబ్బతిని నెలసరి ఆగిపోవచ్చు. కొందరికి అండాశయాల పనిని ఆపేందుకు నెలకో మూడు నెలలకో ఇంజెక్షన్ ఇస్తారు. ఇంజెక్షన్ల ఖర్చు భరించలేని వారికి శస్త్రచికిత్సతో అండాశయాలనే తొలగిస్తుంటారు. మామూలుగా పదేళ్లలో మెల్లమెల్లగా జరిగే మార్పు ఇక్కడ కొన్ని వారాల్లో జరిగిపోతుంది. కీమో వల్ల అండాశయాలు పనిచేయటం మానేసిన స్త్రీలలో ఏడాది తిరిగేసరికే వెన్నెముక సాంద్రత 7 శాతం దాకా పడిపోయినట్లు పరిశోధకులు గమనించారు. పెద్ద వయసు వారికి అయిదేళ్లలో జరిగే నష్టం వీరికి ఒక్క ఏడాదిలోనే జరుగుతోందన్నమాట. ముప్పయి అయిదేళ్ల మహిళ ఆ ఎముకలతోనే మరో నలభై ఏళ్లు బతకవలసి ఉంటుంది.

మన ప్రాంతంలో పునాదే బలహీనం

విదేశీ పరిశోధనల లెక్కలను మన పల్లెలకు యథాతథంగా అన్వయించటం కుదరదు. ఇక్కడి మహిళల ఎముకలు క్యాన్సర్ రాకముందే బలహీనంగా ఉంటున్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 30 నుంచి 60 ఏళ్ల మధ్య వయసున్న 289 మంది పేద మహిళలను పరీక్షించి 2005లో ఫలితాలను ప్రచురించారు. తుంటి భాగంలో 52 శాతం మందికి ఎముక సాంద్రత తగ్గి ఉంది. మరో 29 శాతం మందికి ఎముక గుల్లబారి ఉంది. వారు రోజూ తింటున్న తిండిలో కాల్షియం 270 మిల్లీగ్రాములకు మించలేదు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో సవరించిన ప్రమాణాల ప్రకారం పెద్దవారికి రోజుకు 1,000 మిల్లీగ్రాములు, ముట్లుడిగిన స్త్రీలకు 1,200 మిల్లీగ్రాములు కావాలి. నాలుగింట ఒక వంతు మాత్రమే అందుతోందన్నమాట.

తిరుపతి పరిసరాల్లో జరిగిన మరో అధ్యయనం ఇంకా ఆశ్చర్యకరమైన సంగతి బయటపెట్టింది. 2007లో ప్రచురితమైన ఆ పరిశోధనలో గ్రామీణ మహిళల్లో 70 శాతం మందికి, పట్టణ మహిళల్లో 75 శాతం మందికి విటమిన్ డి లోపం ఉన్నట్లు తేలింది. ఎండకు కొదవలేని రాయలసీమలో, పొలం పనులకు వెళ్లే వారిలో ఇలా ఎందుకు ఉండాలన్న ప్రశ్న సహజం. ఒళ్లంతా కప్పే దుస్తులు ఒక కారణం. తిండిలో కాల్షియం తక్కువగా ఉండి, దానిని ఒంటబట్టనీయని ఫైటేట్ పదార్థాలు ఎక్కువగా ఉన్నప్పుడు శరీరం తన దగ్గరున్న విటమిన్ డినీ త్వరగా ఖర్చు చేసేస్తుంది. ఇది రెండో కారణం.

తెలుగు రాష్ట్రాలకు ప్రత్యేకమైన మూడో సంగతి గర్భసంచి తొలగింపు. 2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. తెల్లబట్టకో, అధిక రక్తస్రావానికో ముప్పయ్యో ఏటే ఆపరేషన్ చేయించుకున్నవారు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారా లేదా అన్నది చాలామందికి తెలియదు. తీసి ఉంటే ఆ మహిళకు ముట్లుడిగిన వయసు యాభై కాదు, ముప్పయ్యే. యాభయ్యో ఏట క్యాన్సర్ వచ్చేనాటికి ఎముక ఇరవై ఏళ్లుగా కరుగుతూనే ఉందన్నమాట. పాత డిశ్చార్జి కాగితం ఇంట్లో ఎక్కడైనా ఉంటే దానిని క్యాన్సర్ వైద్యుడికి చూపటం ఎంతో అవసరం.

కీళ్లనొప్పి వేరు.. ఎముక గుల్లబారటం వేరు

అరోమాటేజ్‌ను అడ్డుకునే మాత్రలు మొదలుపెట్టిన కొన్ని నెలలకే వేళ్లు బిగుసుకుపోవటం, ఉదయం లేవగానే మోకాళ్లు, మణికట్లు పట్టేయటం చాలామందిలో కనిపిస్తుంది. మాత్ర మానేయటానికి ప్రధాన కారణం ఈ నొప్పులే. అయితే ఈ నొప్పులు ఎముక గుల్లబారిందనటానికి గుర్తు కావు. గుల్లబారటమన్నది చప్పుడు లేకుండా జరిగే వ్యవహారం. విరిగేదాకా నొప్పి ఉండదు. నొప్పి లేనివారు ఎముక బాగుందని నిశ్చింతగా ఉండటం, నొప్పి ఉన్నవారు ఎముక పోయిందని బెంబేలెత్తటం రెండూ పొరపాటే.

కీళ్లనొప్పులకు నడక, కాళ్లూ చేతులూ కదిలించే వ్యాయామాలు మేలు చేస్తాయి. తగ్గకపోతే వైద్యులు అదే కోవకు చెందిన మరో మాత్రకు మారుస్తారు. ఒక మాత్ర పడనివారికి రెండోది పడటం మామూలే. ఊళ్లో నొప్పుల సూదిమందు వేయించుకోవటం మాత్రం మంచిది కాదు. పూట గడిచేలా నొప్పి తగ్గించే ఆ సూదుల్లో తరచూ స్టెరాయిడ్ ఉంటుంది. పదే పదే వేయించుకుంటే ఎముకను గుల్ల చేయటంలో స్టెరాయిడ్‌ను మించినది లేదు. పొట్లాలుగా కట్టి ఇచ్చే పేరులేని మాత్రల సంగతీ అంతే.

మొదటే ఒక కొలత

ఎముక ఎంత గట్టిగా ఉందో తెలుసుకునే పరీక్ష పేరు డెక్సా. బల్లమీద పడుకోబెట్టి వెన్నెముకను, తుంటిని కొలుస్తారు. సూది ఉండదు, నొప్పి ఉండదు, పావుగంటలో అయిపోతుంది. రేడియేషన్ చాలా స్వల్పం. ఫలితాన్ని టి-స్కోరుగా రాస్తారు. మైనస్ 1 వరకు సాధారణం. మైనస్ 1 నుంచి మైనస్ 2.5 మధ్య ఉంటే సాంద్రత తగ్గినట్లు. మైనస్ 2.5, అంతకన్నా దిగువకు వెళితే గుల్లబారినట్లు. మందుల దుకాణాల ముందు, ఉచిత శిబిరాల్లో మడమను యంత్రంలో పెట్టించి చెప్పే లెక్క దీనికి సాటిరాదు. ఆ కాగితం చూసి భయపడనవసరం లేదు, ధైర్యపడనూ కూడదు.

ఈ కొలత హార్మోన్ చికిత్స మొదట్లోనే ఎందుకు తీయించాలో పైన చెప్పిన అటాక్ పరిశోధనే వివరిస్తుంది. మొదట్లో ఎముక సాంద్రత సాధారణంగా ఉన్న మహిళల్లో ఒక్కరికి కూడా అయిదేళ్ల తరువాత ఎముక గుల్లబారలేదు. గుల్లబారినవారంతా మొదటే సాంద్రత తగ్గి ఉన్నవారు. అంటే ఒక్క పరీక్షతో ఎవరు ధీమాగా మాత్ర వేసుకోవచ్చో, ఎవరికి రక్షణ మందు కావాలో తేలిపోతుంది. మన ప్రాంతంలో తొలి రకం తక్కువ, మలి రకం ఎక్కువ ఉండే అవకాశముంది కనుక పరీక్ష విలువ ఇక్కడ ఇంకా పెరుగుతుంది. తరువాత ఏడాదికో రెండేళ్లకో మళ్లీ చూస్తారు. డెక్సా యంత్రాలు చాలావరకు పెద్ద పట్టణాల్లోనే ఉన్నాయి. రేడియేషన్ కోసం నగరంలో ఉన్న రోజుల్లోనే ఈ పరీక్ష కూడా చేయించుకుంటే మరోసారి బస్సెక్కే పని తప్పుతుంది.

స్కోరు ఒక్కటే చూడరు. యాభై దాటాక చిన్న దెబ్బకే ఎముక విరిగిన అనుభవం, తల్లికో తండ్రికో తుంటి విరిగిన చరిత్ర, మరీ బక్కపలచని శరీరం, దీర్ఘకాలం స్టెరాయిడ్ వాడకం, పొగ అలవాటు.. ఇవన్నీ ముప్పును పెంచుతాయి. స్త్రీలలో పొగ అలవాటేమిటని తీసిపారేయటానికి లేదు. ఉత్తరాంధ్ర తీరగ్రామాల్లో అడ్డపొగ తాగే పెద్దావిడలు ఈనాటికీ ఉన్నారు.

రాగిసంగటి, పెరుగు, నువ్వులు

100 గ్రాముల తెల్లబియ్యంలో కాల్షియం 8 మిల్లీగ్రాములైనా ఉండదు. అంతే బరువు రాగుల్లో 360 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. మునగాకులో 300, తోటకూరలో 330, గేదెపాలలో 120 మిల్లీగ్రాముల చొప్పున లభిస్తుంది. నువ్వుల్లో వెయ్యికి పైమాటే గానీ వాటిని తినేది చెంచాల లెక్కన. ముల్లుతో సహా నమిలి తినే మెత్తళ్ల వంటి చిరుచేపలు మరో మంచి వనరు. రోజూ రెండు గ్లాసుల పాలో పెరుగో, ఒక పూట రాగిసంగటో అంబలో, వారంలో నాలుగు రోజులు ఆకుకూర తీసుకుంటే లోటు సగానికి పైగా పూడుతుంది. రాగులను నానబెట్టి మొలకెత్తించి పిండి పట్టిస్తే ఫైటేట్లు తగ్గి కాల్షియం బాగా ఒంటబడుతుంది. క్యాన్సర్ వస్తే పాలు, పెరుగు మానాలన్న ప్రచారానికి ఆధారం లేదు. చికిత్సతో నీరసించిన మనిషికి పత్యం పేరుతో చారన్నం మాత్రమే పెట్టటం వల్ల ఎముకకు, కండకు రెండింటికీ చేటు.

తిండితో చాలని భాగానికే కాల్షియం మాత్ర. దానిని భోజనంతో పాటు వేసుకోవాలి. ఐరన్ మాత్రతో, థైరాయిడ్ మాత్రతో కలిపి మింగితే ఆ మందులు సరిగా పనిచేయవు. కొన్ని గంటల ఎడం ఉండాలి. విటమిన్ డి విషయానికొస్తే ఉదయపు లేత ఎండకన్నా 11 నుంచి 2 గంటల మధ్య ఎండలోనే చర్మం దానిని ఎక్కువగా తయారు చేస్తుంది. మండువేసవిలో ఇది సాధ్యమయ్యే సలహా కాదు. అందుకే రక్తపరీక్షలో లోపం కనిపిస్తే వైద్యులు 60 వేల యూనిట్ల పొడిపొట్లం లేదా గుళిక వారానికొకటి చొప్పున కొన్ని వారాలు రాస్తారు. బాగుంది కదా అని అదే చీటీతో నెలల తరబడి కొని తాగితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలకు ముప్పు వస్తుంది.

చికిత్స తరువాత మనిషిని మంచం దిగనీయకపోవటం మన ఇళ్లలో ప్రేమకు గుర్తు. ఎముకకు మాత్రం అది శత్రువు. బరువు మోపినప్పుడే ఎముక గట్టిపడుతుంది. రోజూ అరగంట నడక, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవటం వంటివి చాలు. చంకలో గడ్డలు తీసిన వైపు చేతితో మాత్రం ఒక్కసారిగా బిందెలు, మోపులు ఎత్తకుండా కొద్దికొద్దిగా అలవాటు చేసుకోవాలి. నాచుపట్టిన స్నానాల గది గచ్చు, రాత్రివేళ దొడ్డిదారిలో చీకటి, అరిగిన చెప్పులు.. తుంటి విరగటానికి ఎక్కువగా కారణమయ్యేవి ఇవే.

‘ఎముకల ఇంజెక్షన్’ అంటే భయమెందుకు?

టి-స్కోరు మైనస్ 2 కన్నా దిగువన ఉన్నా, ముప్పు కారణాలు రెండు మూడు కలిసి ఉన్నా వైద్యులు రక్షణ మందు సూచిస్తారు. వాటిలో ఎక్కువగా వాడేది జోలెండ్రోనిక్ ఆమ్లం. ఆరు నెలలకోసారి సెలైన్ ద్వారా ఎక్కిస్తారు. ఈ పేరు వినగానే క్యాన్సర్ ఎముకలకు పాకిందేమో, తమ దగ్గర దాస్తున్నారేమో అని కుటుంబాలు కుంగిపోవటం కద్దు. క్యాన్సర్ ఎముకకు పాకినవారికీ ఇదే మందు ఇస్తారన్న మాట నిజమే. వారికి నెలకో మూడు నెలలకో ఇస్తారు. ఆరు నెలలకోసారి అన్నారంటే సాధారణంగా అది రక్షణ కోసమే.

ఈ మందుకు మరో మేలు ఉంది. 26 పరిశోధనల్లో పాల్గొన్న 18,766 మంది మహిళల వివరాలను క్రోడీకరించి 2015లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, ముట్లుడిగిన స్త్రీలలో ఈ తరగతి మందులు క్యాన్సర్ ఎముకలకు పాకటాన్ని నాలుగో వంతుకు పైగా, రొమ్ము క్యాన్సర్ మరణాలను దాదాపు అయిదో వంతు తగ్గించాయి. అందుకే ఎముక గట్టిగా ఉన్నా, క్యాన్సర్ తిరగబెట్టే ముప్పు ఎక్కువని భావించిన వారికి కూడా దీనిని ఇస్తున్నారు.

ఇచ్చే ముందు మూత్రపిండాల పనితీరు, కాల్షియం, విటమిన్ డి చూస్తారు. మొదటిసారి ఎక్కించాక ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు, అది తాత్కాలికం. అరుదుగా దవడ ఎముక దెబ్బతింటుంది. పుచ్చిపోయిన పళ్లు ఉంటే ఇంజెక్షన్‌కు ముందే పీకించుకోవాలి. మొదలయ్యాక పన్ను పీకించాల్సి వస్తే ఈ మందు వాడుతున్న సంగతి దంతవైద్యుడికి తప్పక చెప్పాలి.

రెండో మందు డెనోసుమాబ్. ఆరు నెలలకోసారి చర్మం కింద ఇస్తారు. మాత్ర వాడుతున్న 3,425 మంది మహిళలపై జరిగిన పరిశోధనలో ఎముకలు విరగటాన్ని ఇది సగానికి తగ్గించినట్లు 2015లో వెల్లడైంది. దీనితో ఒక మెలిక ఉంది. గడువు దాటినా, మధ్యలో ఆపినా ఎముక వేగంగా కరిగిపోయి, వెన్నుపూసలు ఒకటి వెంట ఒకటి చితికిపోయే ప్రమాదముంది. ఆపవలసి వస్తే బదులుగా మరో మందు ఇచ్చి ఆపుతారు. నాట్లు, కోతలు, ఇంట్లో పెళ్లిళ్ల మూలంగా ఆసుపత్రి తేదీలు దాటవేసే అలవాటున్న వారు ఈ సంగతి ముందే వైద్యుడితో మాట్లాడుకోవాలి. ఎముకల బలానికని ఈస్ట్రోజెన్ మాత్రలు మాత్రం రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు వాడరాదు.

విరిగితే ముందు ఎక్స్‌రే

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లోనే కాదు, పొరుగు రాష్ట్రాల్లోనూ ఎముక విరిగితే ముందుగా గుర్తొచ్చేది పుత్తూరు కట్టు. తరాలుగా జనం నమ్మిన వైద్యమది. అయితే రొమ్ము క్యాన్సర్ వచ్చిన మహిళ ఎముక విరిగితే అది ఏ కట్టుకైనా ముందు క్యాన్సర్ వైద్యుడు చూడవలసిన ఎముక. రొమ్ము క్యాన్సర్ పాకేటప్పుడు ఎక్కువగా చేరేది ఎముకలకే. విరిగిన చోట గుల్లబారిన ఎముక ఉందా, లేక క్యాన్సర్ గడ్డ ఉందా అన్నది ఎక్స్‌రే, అవసరమైతే స్కాన్ తీస్తేనే తెలుస్తుంది. రెంటికీ చికిత్స పూర్తిగా వేరు.

నడుంనొప్పి ప్రతి ఇంట్లోనూ ఉండేదే. కొత్తగా మొదలై, రెండు మూడు వారాలైనా తగ్గక, పడుకున్నా రాత్రిళ్లు నిద్ర పట్టనీయని వెన్నునొప్పిని మాత్రం వయసు మీదకు తోసేయకూడదు. దానితో పాటు కాళ్లలో పట్టు తప్పటం, నడుము కింద మొద్దుబారటం, మూత్రం బిగుసుకుపోవటం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా అదే రాత్రి పెద్దాసుపత్రికి బయలుదేరాలి. వెన్నుపాము నలుగుతోందనటానికి అవి గుర్తులు. ఆలస్యమైన కొద్దీ మళ్లీ నడిచే అవకాశం తగ్గిపోతుంది. ఆ ప్రయాణంలో చీరల సంచి మరిచిపోయినా ఫరవాలేదు. పాత స్కాన్‌లు, మందుల చీటీలు ఉన్న ఆసుపత్రి ఫైలు మాత్రం చేతిలో ఉండాలి.